ప్లగ్ చవకే, దారే ఖరీదు: లగ్జరీ ఎస్‌యూవీలో స్పార్క్ ప్లగ్గులు మార్చడం అంత పెద్ద పనెందుకైంది?

స్కూటర్ ప్లగ్ మార్చడం దాదాపు అందరం చూసిందే. క్యాప్ లాగి, ప్లగ్ పానా పెట్టి తిప్పితే పాతది బయటికొస్తుంది. కొత్తది చేత్తోనే నాలుగు చుట్లు తిప్పి, చివర్లో పానాతో కాస్త బిగిస్తే అయిపోయింది. అయిదు నిమిషాల పని, అదీ కబుర్లు చెప్పుకుంటూ చేస్తే. అదే పని వి8 ఇంజనున్న (వి ఆకారంలో రెండు వరసలుగా ఎనిమిది సిలిండర్లున్న) లగ్జరీ ఎస్‌యూవీకి చేయించబోతే పొద్దున బండి ఇచ్చేసి సాయంత్రం రమ్మంటారు, వెళ్తే చేతికొచ్చే బిల్లులో ప్లగ్గుల ధర ఎక్కడో ఓ మూల నక్కి ఉంటుంది, లేబర్ ఛార్జి మాత్రం దాని నెత్తినెక్కి కూర్చుంటుంది. మార్చింది ప్లగ్గులేగా, ఇంజన్ దింపినట్టు ఈ బిల్లేంటని ఎవరికైనా కడుపు మండుతుంది.

మోసం జరిగిందేమో అన్న అనుమానం కొన్నిసార్లు నిజమే అవుతుంది, దాని సంగతి చివర్లో చెప్తాను. కానీ చాలాసార్లు బిల్లు నిజాయితీగానే పెద్దది. ప్లగ్ అనే వస్తువు చిన్న కారులోనైనా ఖరీదైన ఎస్‌యూవీలోనైనా ఇంచుమించు ఒకటే: ఉక్కు గుల్ల, పింగాణీ గొట్టం, మధ్యలో ఒక ఎలక్ట్రోడ్. మనం డబ్బు కట్టేది ఆ ప్లగ్ దాకా చెయ్యి వెళ్లే దారికి. దారిలో ఏమేం అడ్డున్నాయి, వాటిని తీసేటప్పుడు ఏం విరగొచ్చు, అలా ఎన్ని ప్లగ్గుల దగ్గరికి వెళ్లాలి, బిల్లంతా వీటిమీదే నడుస్తుంది.

ముందే ఒక మాట. మీది డీజిల్ బండైతే ఈ గొడవే లేదు. డీజిల్ ఇంజన్‌లో గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది, స్పార్క్ అక్కర్లేదు. అందులో ఉండేవి గ్లో ప్లగ్గులు, చల్లని ఇంజన్ స్టార్ట్ అవడానికి సాయం చేస్తాయి. అవి విరిగితే అదో పెద్ద తలనొప్పి గానీ, ఆ కథ వేరు.

ప్లగ్ ఎందుకు అరుగుతుందో అర్థమైతే ఎప్పుడు మార్చాలన్న ప్రశ్న సగం తేలిపోతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ప్రతి రెండు చుట్లకి ఒకసారి ప్లగ్ మెరుస్తుంది. నిమిషానికి 2000 చుట్లు తిరుగుతూ గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారనుకుంటే, కిలోమీటరు దాటేసరికి ఒక్కో ప్లగ్ 1000 సార్లు మెరిసి ఉంటుంది. లక్ష కిలోమీటర్లకి 10 కోట్ల సార్లు. మెరిసిన ప్రతిసారీ ఎలక్ట్రోడ్ కొసనుంచి కంటికి కనిపించనంత లోహం ఎగిరిపోతుంది. అలా పోగా పోగా రెండు కొసల మధ్య సందు పెరుగుతుంది, పెరిగిన సందుని దాటడానికి ఇంకా ఎక్కువ ఓల్టేజ్ కావాలి, ఆ బరువంతా ప్లగ్‌కి ఓల్టేజ్ అందించే ఇగ్నిషన్ కాయిల్ మీద పడుతుంది. ప్లగ్ అరిగితే ముందు అలిసిపోయేది కాయిల్ అని మెకానిక్‌లు అనేది ఇందుకే.

అందుకే కొస దేనితో చేశారన్నది ముఖ్యం. నికెల్ 1455 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, ప్లాటినం 1768 దగ్గర, ఇరిడియం ఏకంగా 2446 దగ్గర. పైగా ఇరిడియం చాలా గట్టి లోహం, కొసని 0.4 మిల్లీమీటర్ల సన్నగా చేసినా తట్టుకుంటుంది, సన్నని కొసనుంచి స్పార్క్ తక్కువ ఓల్టేజ్‌తోనే దూకుతుంది. పాతకాలం నికెల్ ప్లగ్గులు 30–40 వేల కిలోమీటర్లు వస్తే గొప్ప, ఇరిడియం ప్లగ్గులు మామూలు ఇంజన్‌లో లక్ష కిలోమీటర్లు సునాయాసంగా దాటుతాయి. లగ్జరీ ఎస్‌యూవీలో ఇరిడియమో ప్లాటినమో వాడేది హోదా కోసం అనుకుంటాం గానీ, చెయ్యి దూరని చోట పెట్టిన వస్తువు మాటిమాటికీ మార్చాల్సి రాకూడదు కదా, అసలు అవసరం అది.

ఇక్కడే టర్బో వచ్చి లెక్క చెడగొడుతుంది. టర్బో ఇంజన్ సిలిండర్‌లోకి గాలిని కూరి కూరి పంపిస్తుంది. చిక్కటి గాలిలో స్పార్క్ దూకడం కష్టం, కాబట్టి ప్లగ్ సందు మామూలు ఇంజన్‌కన్నా తక్కువ ఉంచుతారు, వేడి మాత్రం ఎక్కువ తగులుతుంది, అదే ఇరిడియం ప్లగ్ అయినా తొందరగా అరుగుతుంది. ఇప్పుడొచ్చే పెట్రోల్ లగ్జరీ ఎస్‌యూవీల్లో టర్బో లేనివి వెతుక్కోవాల్సిందే. అంటే దారీ కష్టమే, వెళ్లాల్సిన సార్లూ ఎక్కువే.

ఇక ఎన్ని ప్లగ్గులన్నది. సిలిండర్‌కి ఒకటి చొప్పున వి8 అయితే ఎనిమిది అనుకుంటాం, ఎక్కువ బండ్లకి ఆ లెక్క సరిపోతుంది. కానీ మెర్సిడెస్ 1990ల చివర్లో తెచ్చిన ఎం112, ఎం113 ఇంజన్లలో సిలిండర్‌కి మూడు వాల్వులు, రెండు స్పార్క్ ప్లగ్గులు. ఆ ఇంజనుతో వచ్చిన ఎంఎల్ 500 కొన్నవాళ్లు మొదటిసారి ప్లగ్గులు మార్పించబోతే పదహారు తెమ్మన్నారు. జీప్ గ్రాండ్ చెరోకీలో వచ్చిన 5.7 లీటర్ల హెమీ వి8 కూడా అంతే, పదహారే. రోల్స్ రాయిస్ కలినన్‌లో వి12, బెంట్లీ బెంటేగా డబ్ల్యూ12 మోడల్‌లో పేరులోనే ఉన్న డబ్ల్యూ12, వీటికి పన్నెండేసి. ప్లగ్ ఒక్కటి చవకే అయినా పదహారు కొంటే చవక కాదు, విప్పి బిగించే పనీ పదహారు సార్లు చెయ్యాలి.

అయినా సరే, సంఖ్య కన్నా అసలు చిక్కు ఇంజన్ ఎలా పడుకుందన్నదే.

అన్నిటికన్నా సుఖమైనది ఇన్‌లైన్ సిక్స్. ఆరు సిలిండర్లూ ఒకే వరసలో, బండి ముందునుంచి వెనక్కి నిలువుగా ఉంటాయి. పైన ప్లాస్టిక్ కవర్ తీస్తే కాయిళ్లు వరసగా కనిపిస్తాయి, కాయిల్ లాగితే కింద బావిలాంటి గుంతలో ప్లగ్ ఉంటుంది. బీఎండబ్ల్యూ ఎక్స్5లో వచ్చే బీ58, మెర్సిడెస్ ఎం256 ఇంజన్లు ఈ తరహావే. చివరి సిలిండర్ ఒకటి రెండు అద్దం కిందికి దూరి ఉంటాయి, అక్కడ నడుము వంచాలి, అంతే. లగ్జరీ ఎస్‌యూవీ అనగానే ప్లగ్గులు మార్చడం నరకం అని తీర్మానించేవాళ్లు ఇది మర్చిపోతారు. బ్యాడ్జి ఒకటే, బండి ఒకటే, ఇంజన్ మారితే పని సగానికి సగం తగ్గిపోతుంది.

ఇప్పుడు వి6ని అడ్డంగా పెట్టిన బండి సంగతి చూద్దాం. ఇంజన్ అడ్డంగా ఉంటే మూడు సిలిండర్లు రేడియేటర్ వైపు, మూడు వెనక, అంటే ఇంజన్‌కీ డ్రైవర్ కాళ్లకీ మధ్య ఉండే ఇనుప గోడ వైపు ఉంటాయి. ముందున్న మూడింటికి పావుగంట చాలు. వెనక మూడింటి మీద ఇన్‌టేక్ మానిఫోల్డ్ అని గాలిని పంచే పెద్ద పెట్టె బోర్లించి ఉంటుంది. వి6తో వచ్చిన పాత లెక్సస్ ఆర్ఎక్స్ 350 దీనికి పేరుపడ్డ ఉదాహరణ. వెనక ప్లగ్గుల కోసం ఆ పెట్టె పైభాగం ఊడదీయాలి, చెయ్యి ఆడటానికి చాలామంది వైపర్లూ వాటి కింది రేకూ కూడా విప్పేస్తారు, త్రాటిల్ బాడీకి ఉన్న గొట్టాలు తప్పించాలి, తిరిగి పెట్టేటప్పుడు అతుకు దగ్గర లీక్ కాకుండా ఉంచే గ్యాస్కెట్ కొత్తది వెయ్యాలి. పాత గ్యాస్కెటే పెట్టేస్తే ఏమవుతుందంటే, సన్నగా గాలి లీకై, ప్లగ్గులు మార్పించిన మర్నాడే ఇంజన్ ఐడ్లింగ్‌లో వణకడం మొదలెడుతుంది. బండాయన కొత్త ప్లగ్గులు బాగాలేవు అంటాడు, మెకానిక్ పెట్రోల్ బాగాలేదు అంటాడు.

ఇలాంటి అమరికే ఉన్న హోండా వారి జె35 వి6, అంటే అక్యూరా ఎండీఎక్స్‌లోది, చాలా మర్యాదస్తురాలు. ఇన్‌టేక్ పెట్టె విప్పకుండానే వెనక కాయిళ్లు అందుతాయి. అదే సైజు, అదే అమరిక, ఒకదానికి గంట, ఇంకోదానికి మూడు గంటలు. తేడా ఎక్కడొచ్చిందంటే, గీత గీసినప్పుడు ఇంజనీర్ ఈ పనిచేసేవాడి చెయ్యిని ఊహించుకున్నాడా లేదా అన్న దగ్గర. లెక్సస్‌ని మరీ తిట్టక్కర్లేదు లెండి. ఆ ఇరిడియం ప్లగ్గులకి అమెరికా సర్వీస్ పట్టికలో ఇచ్చిన గడువు 1,20,000 మైళ్లు, అంటే 1,90,000 కిలోమీటర్ల పైమాటే. చాలామంది మొదటి ఓనర్లు ఆ బిల్లు చూడకుండానే బండి అమ్మేస్తారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ల నెత్తిన పడుతుంది అది, కాబట్టి అంత తిరిగిన బండి కొనేటప్పుడు ప్లగ్గులు మార్చిన కాగితం ఉందా అని అడగడం తప్పేం కాదు.

కాడిలాక్ ఎస్కలేడ్‌ది ఇంకో రకం ఇబ్బంది. దాని 6.2 లీటర్ల వి8లో వాల్వుల్ని ఆడించే క్యామ్ షాఫ్ట్ పైన కాకుండా ఇంజన్ మధ్యలో ఉంటుంది, ప్లగ్గులు పక్కలనుంచి, పొగని బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కన దూరి ఉంటాయి. పైనుంచి చూస్తే ఒకటో రెండో కనిపిస్తాయి. మిగతావాటికి ముందు చక్రం తీసి, చక్రం గూటిలోనుంచి చెయ్యి పెట్టడమే చాలామందికి సులువు. పని తెలిసినవాడికి కష్టం కాదు, కానీ ఎగ్జాస్ట్ వేడి పూర్తిగా దిగకుండా మొదలుపెడితే మోచేతులు కాలతాయి.

ఈ మధ్య వచ్చిన జర్మన్ వి8ల మీద ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే బిల్లులు గుండె గుభేల్‌మనిపించేది ఎక్కువగా ఇక్కడే. మామూలు వి8లో గాలి లోపలికి వెళ్లేది వి మధ్యనుంచి, పొగ బయటికొచ్చేది పక్కలనుంచి. 2008లో ఎక్స్6తో వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్63 ఇంజన్ దీన్ని తలకిందులు చేసింది. ఎగ్జాస్ట్ మధ్యలోకి, రెండు టర్బోలూ వి లోయలోకి. దీన్ని హాట్ వి అంటారు. తర్వాత మెర్సిడెస్ ఏఎంజీ 4.0 లీటర్ల వి8, ఆడీ, పోర్షే కలిసి వాడే 4.0 వి8 కూడా ఇదే బాట పట్టాయి, 2017లో వచ్చిన మూడో తరం కయెన్ టర్బోలో, లాంబోర్గినీ ఊరుస్‌లో ఉన్నది ఈ కుటుంబమే. లాభం నిజమైనదే: పొగ టర్బోకి చేరే దూరం తగ్గి, యాక్సిలరేటర్ తొక్కగానే పికప్ అందుకుంటుంది, ఇంజన్ వెడల్పూ తగ్గుతుంది. కానీ ఇంజన్‌లో అన్నిటికన్నా వేడిగా ఉండే రెండు వస్తువుల్ని తెచ్చి గాలాడని నడిమధ్యలో పెట్టినట్టయింది. ఇంజన్ ఆపాక కూడా ఆ వేడి చాలాసేపు బానెట్ కిందే తిరుగుతుంది.

ఆ వేడికి ప్లాస్టిక్ ఏమవుతుందో ఊహించండి. కాయిల్ కనెక్టర్ల మీద ఉండే చిన్న నొక్కుడు లాక్‌లు, వైర్లని పట్టుకునే క్లిప్పులు, కవర్ల చెవులు, ఇవన్నీ కొన్నేళ్లకి బిస్కెట్‌లా పెళుసెక్కిపోతాయి. ముట్టుకుంటే టక్కుమంటాయి. వీటిని దాటి ప్లగ్ దగ్గరికి వెళ్లాలంటే ఇంజన్ కవర్, గాలి గొట్టాలు, ఎయిర్ ఫిల్టర్ పెట్టెలు, కొన్నిటిలో బానెట్ కింద అడ్డంగా ఉండే బలమైన రాడ్డు, అప్పుడు కాయిళ్లు. ప్లగ్ విప్పడానికి రెండు నిమిషాలు, దాని దాకా వెళ్లడానికి గంటన్నర. అనుభవమున్న మెకానిక్ ముందే మీతో ఒకటి రెండు క్లిప్పులు, కనెక్టర్లు విరగొచ్చు అని చెప్తాడు. చెప్పనివాడి దగ్గర విరగవని కాదు.

గుంత అడుగున ఉన్న ప్లగ్ దగ్గరికి వెళ్లాక కూడా చిక్కులుంటాయి. బీఎండబ్ల్యూ టర్బో ఇంజన్లలో చాలావాటికి 14 మిల్లీమీటర్ల పన్నెండు మూలల సాకెట్ కావాలి, అదీ పలచని గోడ ఉన్నదే. మామూలు సాకెట్ ఆ గుంతలోకి దిగదు, దిగినా ప్లగ్ మీద కూర్చోదు. కొన్ని గుంతల్లో నూనె నిండి ఉంటుంది. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ గట్టిపడి పగిలితే ఇంజన్ ఆయిల్ మెల్లగా కాయిల్ రబ్బరు చుట్టూ చేరుతుంది. ప్లగ్ మార్చడానికి వెళ్లిన పని కాస్తా గ్యాస్కెట్ పనిగా మారేది అక్కడే. దీన్ని పని పెంచడం అనుకోవద్దు, నూనెలో నానిన కాయిల్‌ని అలాగే పెట్టేస్తే మళ్లీ అంతా విప్పుకోవాలి. అయితే గుంతలో నూనె ఫోటో తీసి చూపించమని అడగండి. ఉంటే చూపిస్తారు.

బిల్లులో కనిపించని ఖర్చు ఇంకొకటుంది, భయం. ప్లగ్ బిగించేది సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్‌కి, ఇప్పటి ఇంజన్ హెడ్‌లన్నీ అల్యూమినియం, ప్లగ్ గుల్ల ఉక్కు. వేడి ఇంజన్ మీద విప్పితే మెత్తబడ్డ అల్యూమినియం మరలు ప్లగ్‌తో పాటే ఊడొచ్చే ప్రమాదం ఉంది. అందుకే ఇంజన్ పూర్తిగా చల్లారాకే ముట్టుకోవాలి, బండి పొద్దున ఇమ్మనేదీ సగం ఇందుకే. మరలు పోతే హెడ్‌లో కొత్త మరల తొడుగు దించాలి, అది కుదరకపోతే హెడ్డే విప్పాలి, అప్పటిదాకా చూసిన బిల్లు దాని ముందు చిల్లర.

ఈ భయానికి పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గ ఉదాహరణ లింకన్ నావిగేటర్. 2000ల మధ్యలో దాన్లో ఫోర్డ్ వారి 5.4 లీటర్ల, సిలిండర్‌కి మూడు వాల్వుల వి8 వచ్చింది. దాని ప్లగ్ మామూలుది కాదు, కింద పొడవాటి గొట్టం లాంటి భాగం ఉంటుంది, పై భాగాన్నీ దాన్నీ రెండు ముక్కలుగా చేసి కలిపారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గొట్టానికీ హెడ్‌కీ మధ్య కార్బన్ పేరుకుని గట్టిగా అతుక్కుపోతుంది. పానా పెట్టి తిప్పితే మరల భాగం హాయిగా తిరుగుతుంది, పైకి కూడా వస్తుంది, కింది ముక్క మాత్రం హెడ్‌లోనే ఉండిపోతుంది. ఆ ముక్కని బయటికి లాగడానికి ప్రత్యేకంగా పనిముట్లే తయారుచేసి అమ్మారు. ఫోర్డ్ కూడా ఎలా విప్పాలో చెప్తూ డీలర్లకి సాంకేతిక సూచనలు పంపింది: ముందు కొంచెమే వదులు చేసి, గుంతలో కార్బన్ కరిగించే ద్రవం పోసి నాననివ్వాలి, తర్వాత ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఆడిస్తూ తియ్యాలి. ఎనిమిది ప్లగ్గులు మార్చాలని మొదలుపెట్టి మూడు విరగ్గొట్టుకున్నవాళ్లు కొల్లలు. తర్వాత హెడ్ డిజైన్ మార్చి మామూలు ప్లగ్గులకి తిరిగి వచ్చారు. ఇలాంటి ఇంజనుకి ప్లగ్గులు మార్చమంటే మెకానిక్ రేటు పెంచి చెప్పడంలో వింతేముంది, ఏ ప్లగ్ విరిగి తన రోజంతా తింటుందో తెలియని పందెం అది.

ప్లగ్గుల ధర మనకి బాగా తెలుసనుకుంటాం గానీ మోసపోయేది అక్కడే ఎక్కువ. కార్ల కంపెనీలు ప్లగ్గులు తయారుచేయవు, ఎన్‌జీకే, బాష్, డెన్సో లాంటివాళ్లు చేసి ఇస్తారు. అదే ప్లగ్ కారు బ్రాండ్ డబ్బాలో ఒక ధర, తయారుచేసినవాళ్ల సొంత డబ్బాలో ఇంకో ధర, రెండోది దాదాపు ఎప్పుడూ తక్కువే. నంబర్ సరిగ్గా చూసి రెండోది కొంటే తప్పులేదు. మరీ నమ్మలేనంత చవగ్గా దొరికితే మాత్రం అనుమానించండి, నకిలీ ప్లగ్గుల వ్యాపారం చిన్నదేం కాదు.

నంబర్ సరిగ్గా చూడటం అన్నాను కదా, అందులో ఓ తమాషా ఉంది. ప్రతి ప్లగ్‌కీ హీట్ రేంజ్ అని ఒకటుంటుంది, అంటే కొసనుంచి వేడిని హెడ్‌లోకి ఎంత తొందరగా దించేస్తుందన్నది. కొస సుమారు 500 నుంచి 850 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకన్నా చల్లగా ఉంటే మసి కాలక పేరుకుంటుంది, మరీ వేడెక్కితే స్పార్క్ రాకముందే ఇంధనం అంటుకుని పిస్టన్‌కి చేటు. ఈ హీట్ రేంజ్ అంకె ఎన్‌జీకేలో పెరిగేకొద్దీ ప్లగ్ 'చల్లనిది', బాష్‌లో పెరిగేకొద్దీ 'వేడిది'. పూర్తిగా ఎదురుబొదురు. ఒక బ్రాండ్ అంకె చూసి ఇంకో బ్రాండ్‌లో అదే అంకె కొంటే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. స్కూటర్ ప్లగ్ అలవాటున్నవాళ్లకి ఇంకో హెచ్చరిక, ఇరిడియం ప్లగ్‌ని గరుకు కాగితంతో రుద్దొద్దు, సందు సరిచేస్తామని మధ్య కొస మీద స్క్రూడ్రైవర్ పెట్టి మీటొద్దు. 0.4 మిల్లీమీటర్ల కొస అది, పుటుక్కుమంటుంది.

సొంతంగా చేసుకోవచ్చా అంటే, ఇన్‌లైన్ సిక్స్‌కీ, అందుబాటుగా ఉన్న వి6కీ ఓపికున్నవాళ్లు నిక్షేపంగా చేసుకోవచ్చు. హాట్ వి8కీ, లెక్సస్ లాంటి వెనక వరసకీ మొదటిసారి ప్రయోగం మాత్రం వద్దంటాను. చేసుకునేవాళ్లు ప్లగ్ విప్పేముందు గుంతలోకి గట్టిగా గాలి కొట్టి దుమ్మూ ఇసుకా ఊదేయండి, లేకపోతే ప్లగ్ తీయగానే అవి నేరుగా సిలిండర్‌లోకి రాలతాయి. కొత్త ప్లగ్‌ని చేతి వేళ్ల బలంతోనే మొదలుపెట్టి తిప్పండి, ఒక చిన్న రబ్బరు గొట్టం ముక్కకి ప్లగ్ తల తగిలించి తిప్పితే ఇంకా మంచిది, మర తప్పుగా ఎక్కుతుంటే గొట్టమే జారిపోయి చెప్తుంది. ఆఖరి బిగింపుకి టార్క్ పానా, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా తప్పనిసరి. 12 మిల్లీమీటర్ల మర ఉన్న ప్లగ్గులకి 20 న్యూటన్ మీటర్ల అటూ ఇటూ, 14 మిల్లీమీటర్ల వాటికి 25–30 అనేది స్థూలంగా లెక్క, మీ ఇంజన్ మాన్యువల్‌లో ఏముంటే అదే వేదం. మరలకి గ్రీజు లాంటిది పూసేవాళ్లుంటారు, పూత ఉన్న ప్లగ్గులకి అది వద్దని ఎన్‌జీకేనే చెప్తుంది, జారుడు పెరిగి అదే టార్క్‌కి కావాల్సినదానికన్నా ఎక్కువ బిగిసిపోతుంది కాబట్టి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న (పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే) కొన్ని ఇంజన్లలో ప్లగ్ కింది కొక్కెం ఏ దిక్కుకి తిరిగి ఉండాలన్నది కూడా లెక్కే, వాటికి పక్కాగా అదే నంబర్ ప్లగ్ తప్ప వేరేది పెట్టకూడదు.

ఇంత ఖర్చు ఎందుకులే, బండి బాగానే నడుస్తోందిగా అని వాయిదా వేసేవాళ్ల సంగతి. మొదట తేడా తెలియదు, మైలేజీ కొంచెం తగ్గుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న కుదుపు. తర్వాత బండి మిస్సింగ్ కొట్టడం మొదలవుతుంది, స్కానర్ పెడితే పి0300 అనో, ఫలానా సిలిండర్ అని చెప్పే పి0301, పి0308 లాంటి కోడ్ అనో వస్తుంది. చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలిగితే ఇంటిదాకా వెళ్లొచ్చు, అది టపటపా మిణుకుతుంటే మాత్రం యాక్సిలరేటర్ మీదనుంచి కాలు తీసి బండి ఆపేయడమే మంచిది. కాలని పెట్రోల్ ఎగ్జాస్ట్‌లోకి వెళ్లి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో అంటుకుంటోందని దాని అర్థం. ఆ కన్వర్టర్ లోపల ఉండేది ప్లాటినం, పల్లాడియం, రోడియం. ప్లగ్ కొస మీది చిటికెడు ప్లాటినం ఖర్చు మిగుల్చుకోబోయి కన్వర్టర్‌లో ఉన్నదంతా కరిగించుకోవడం అన్నమాట, హాట్ వి ఇంజన్లలోనైతే దాన్ని మార్చడానికి పట్టే లేబర్ ముందు ప్లగ్గుల లేబర్ ఏపాటిది!

కాబట్టి రేటు అడిగేటప్పుడు 'ప్లగ్గులు మార్చడానికి ఎంత' అని అడిగితే లాభం లేదు. ఏమేం విప్పుతారు, ఎన్ని గంటల లేబర్ వేస్తున్నారు, ఇన్‌టేక్ విప్పాల్సి వస్తే కొత్త గ్యాస్కెట్ కలిపారా, కాయిళ్లు కూడా మారుస్తామంటే ఏ కారణంతో, ఇవి అడగండి. చాలా వర్క్‌షాపులు నిజంగా పట్టిన టైముకి కాకుండా పుస్తకంలో రాసిన గంటలకే లేబర్ వేస్తాయి, మూడు గంటల పని చెయ్యి తిరిగినవాడు గంటన్నరలో ముగించినా మూడు గంటలకే డబ్బు. అది అన్యాయం అనిపిస్తుంది గానీ, అదే పనికి కొత్తవాడికి అయిదు గంటలు పట్టినా మూడుకే తీసుకుంటారు. ఒక్క విషయంలో మాత్రం పట్టుబట్టండి. ప్లగ్గుల కోసం ఇన్‌టేక్ విప్పినప్పుడే దాని కింద మార్చాల్సిన ఇంకో పని ఉంటే, రెండో పనికి మళ్లీ మొదటినుంచీ లేబర్ వేయకూడదు, విప్పింది ఒక్కసారే కదా.

ఇక మొదట్లో అన్న అనుమానం. వెనక వరస ప్లగ్గులు కష్టమని ముందు వరస మార్చేసి అన్నీ మార్చామని చెప్పేవాళ్లు ఉన్నారు, తక్కువే గానీ ఉన్నారు. కవర్ మూసేశాక మనకి కనిపించదు. అందుకే పాత ప్లగ్గులు ఏ సిలిండర్‌వో రాసి తిరిగి ఇవ్వమని బండి ఇచ్చేటప్పుడే చెప్పండి, పని అయ్యాక కాదు. లేత గోధుమ రంగులో ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉన్నట్టు, పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతున్నట్టు, జిడ్డుగా నల్లగా ఉంటే నూనె లోపలికి వస్తున్నట్టు, కాబట్టి అవి చూడటం వల్ల ఇంకో లాభమూ ఉంది. అన్నిటికన్నా ముందు లెక్కపెట్టండి. వి8 అయితే ఎనిమిదీ మీ చేతిలోకి రావాలి, ఎనిమిది కొసలూ అరిగి ఉండాలి. ఆరు పాతవి ఒకే రంగులో ఉండి, రెండు మాత్రం ఏదో వేరే బండిలోంచి తెచ్చినట్టు వేరే నంబర్‌తో ఉంటే, కవర్ మళ్లీ విప్పమనండి.